ఆచార్యుల పరిచయాల్లో పరిశోధన కనిపించాలి

సంపాదకులకు నమస్కారం.

మనస్తత్వ శాస్త్ర ఆచార్యుల గురించి పత్రికల్లో వచ్చే పరిచయాలన్నీ ఒకే మూసలో ఉంటున్నాయి. పీజీ ఎక్కడ చేశారు, పీహెచ్‌డీ పట్టా ఎప్పుడు అందుకున్నారు, ఎన్ని పేపర్లు ప్రచురించారు, ఎంతమంది స్కాలర్లకు గైడుగా ఉన్నారు, ఎన్ని సదస్సుల్లో ప్రసంగించారు, ఏయే పురస్కారాలు వచ్చాయి. చిట్టచివర ఒక వాక్యం: ‘జ్ఞాపకశక్తి, ఒత్తిడి, వ్యక్తిత్వం వీరి పరిశోధనాంశాలు’. పరిచయం ఎక్కడ మొదలవ్వాలో సరిగ్గా అక్కడే అయిపోతోంది. ఆ ఆచార్యులు పాతిక ముప్పయ్యేళ్లు ఏ ప్రశ్న వెంట నడిచారు, దాన్ని దేనితో కొలిచారు, ఎంతమంది మీద కొలిచారు, వచ్చిన జవాబు మరొకరు చేసి చూసినా అలాగే వచ్చిందా? పాఠకుడికి అందాల్సినవి ఈ నాలుగు సంగతులు. మిగతా వివరాలు ఏ విశ్వవిద్యాలయ రికార్డులోనైనా దొరుకుతాయి.

‘జ్ఞాపకశక్తి’ అనేది ఒక పెద్ద అలమారా పేరు. ఆ పేరు కింద పనిచేసేవారిలో ఒకరు మెదడు దెబ్బతిన్న రోగులతో గంటల తరబడి కూర్చుంటారు. ఇంకొకరు బడిపిల్లల చేత పాఠం అప్పజెప్పించి, చదివిందే మళ్లీ చదవడం మేలా, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం మేలా అని పరీక్షిస్తారు. మరొకరు ఎలుకల్ని చిక్కుదారుల్లో వదులుతారు. వేరొకరు సాక్షి చెప్పిన మాట ఎంతవరకు నిలుస్తుందో చూస్తారు. వీళ్లంతా వాడే పరికరాలు, లెక్కలు, చదివే జర్నళ్లు వేరు. ఈ నలుగురినీ ‘జ్ఞాపకశక్తి నిపుణులు’ అని ఒకే మాటతో పరిచయం చేస్తే, ఎవరు ఏం చేస్తారో పాఠకుడికి ఏమీ తెలియదు.

ప్రశ్నను పట్టుకుని రాస్తే పరిచయం ఎలా మారిపోతుందో చూపడానికి సాక్షుల జ్ఞాపకాల మీద పరిశోధనతో పేరుపొందిన ఒక అమెరికా ఆచార్యురాలి పని చాలు. ఎలిజబెత్ లాఫ్టస్ 1970లో స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. ఆ థీసిస్‌కు సాక్షులతో సంబంధమే లేదు. కంప్యూటర్‌కు కలిపిన టెలిటైపు యంత్రం మీద విద్యార్థులు లెక్కలు చేస్తున్నప్పుడు, లెక్క కట్టుబడిలో ఏ అంశం దాన్ని కష్టం చేస్తుందన్నది అందులోని విషయం. ఆ తర్వాత ఆమె మాటలు మనసులో ఎలా అమరి ఉంటాయన్న ప్రశ్నకు వచ్చారు. ‘పండు’ అని ముందు చెప్పి, తర్వాత మొదటి అక్షరం చెబితే మనిషి తొందరగా జవాబిస్తాడు. అక్షరం ముందు చెప్పి, తర్వాత ‘పండు’ అంటే కొంచెం ఆలస్యం అవుతుంది. ఆ చిన్న ఆలస్యాన్ని కొలవడమే అప్పటి పని. 1973లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 2002 నుంచి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ ప్రాంగణంలో ఉన్నారు. థీసిస్ నుంచి కోర్టు సాక్ష్యాల దాకా వచ్చిన ఈ దారిలో ఒక దారం తెగకుండా ఉంది: అడిగే తీరు మారితే వచ్చే జవాబు మారుతుందా?

1974లో జాన్ పామర్‌తో కలిసి ఆమె ప్రచురించిన ప్రయోగాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. 45 మంది విద్యార్థులకు కార్లు ఢీకొన్న 7 చిన్న ఫిల్ములు చూపారు. ప్రతి ఫిల్ము తర్వాత ఒకే ప్రశ్న: ‘కార్లు ఒకదానికొకటి ఫలానా అయినప్పుడు ఎంత వేగంతో వెళ్తున్నాయి?’ ఆ ‘ఫలానా’ చోట ఐదు గుంపులకు ఐదు క్రియలు పెట్టారు. మన భాషలో చెప్పుకోవాలంటే తాకడం, తగలడం, గుద్దుకోవడం, ఢీకొనడం, నుజ్జయ్యేలా ఢీకొనడం అన్నంత తేడా. ‘తాకినప్పుడు’ అని అడిగిన గుంపు సగటున గంటకు 31.8 మైళ్లంది. అన్నిటికన్నా గట్టి మాట విన్న గుంపు 40 మైళ్లు దాటించింది. చూసింది అవే ఫిల్ములు. 20 మైళ్ల వేగంతో జరిగిన ప్రమాదానికీ 40 మైళ్లతో జరిగిన ప్రమాదానికీ వాళ్ల అంచనాలు దాదాపు ఒకటిగా ఉన్నాయి. అంటే అసలు వేగం కంటే అడిగినవారి క్రియ ఎక్కువ పనిచేసింది.

అయితే ఇక్కడితో ఆగితే ఒక సందేహం మిగులుతుంది. గట్టి మాట విని పెద్ద అంకె చెప్పి ఉండొచ్చు, జ్ఞాపకం మాత్రం మారి ఉండకపోవచ్చు. ఈ సందేహాన్ని తీర్చడానికే రెండో ప్రయోగం. 150 మందిని 50 చొప్పున మూడు గుంపులు చేశారు. ఒక గుంపును గట్టి క్రియతో, ఒక గుంపును మామూలు క్రియతో అడిగారు. మూడో గుంపును వేగం గురించి అసలు అడగలేదు. వారం తర్వాత ఫిల్ము మళ్లీ చూపకుండా, ‘పగిలిన గాజు ముక్కలు చూశారా?’ అని అడిగారు. ఫిల్ములో గాజు పగలనే లేదు. చూశామన్నవారు వరుసగా 16, 7, 6 మంది. ఒక పరిశోధకురాలి మేధస్సు ఈ రెండో అడుగులో కనిపిస్తుంది. మొదటి ఫలితానికి ఇంకొక వివరణ ఉందని తానే గుర్తించి, దాన్ని తోసిపుచ్చగల పరీక్ష కట్టడం. పరిచయ వ్యాసంలో రాయదగ్గ ఘనత అది.

ఈ అంకెల్ని పత్రికలు ఎలా పాడుచేస్తాయో కూడా చెప్పాలి. ‘మన జ్ఞాపకాలు నమ్మదగ్గవి కావని తేలింది’ అని శీర్షిక పెడతారు. గట్టి మాట విన్న 50 మందిలోనూ 34 మంది గాజు లేదనే అన్నారు. తేలింది ఏమిటంటే, ప్రశ్నలోని మాట కొందరి జ్ఞాపకంలోకి చొరబడగలదని. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న దూరమే సైన్సుకూ సంచలనానికీ ఉన్న దూరం.

అదే ఆచార్యురాలు 1995లో, చిన్నప్పుడు దుకాణాల సముదాయంలో తప్పిపోయారని ఇంట్లోవాళ్ల మాటగా చెబితే పెద్దవాళ్లు నమ్ముతారా అని చూశారు. 24 మందిలో 6 మంది ఆ జరగని సంఘటనను పూర్తిగానో కొంతగానో గుర్తు తెచ్చుకున్నారు. 24 చాలా చిన్న సంఖ్య, ఆ విమర్శ న్యాయమైనదే. 2023లో వేరే బృందం పద్ధతిని ముందే నమోదు చేసుకుని 123 మందితో మళ్లీ చేసినప్పుడు 35 శాతం వచ్చింది. ఆచార్యుల పరిచయంలో ఇలాంటి వాక్యం ఒక్కటి ఉంటే, ఐదు పురస్కారాల పేర్లకంటే ఎక్కువ చెబుతుంది.

ఇక కొలత. మనసును తూచే తక్కెడ బజారులో దొరకదు, ఎవరో ఒకరు తయారుచేయాలి. ఎందరో ఆచార్యుల సర్వీసులో సగం ఇందులోనే గడుస్తుంది, బయటికి మాత్రం ‘ఒక ప్రశ్నావళి రూపొందించారు’ అన్న ముక్కగా వస్తుంది. ఆ ముక్క వెనక ఉన్న పని ఇది. కొలవబోయే గుణం ఏమిటో, ఏది కాదో ముందు రాసుకోవాలి. చివరికి 20 ప్రశ్నలు కావాలంటే 50 దాకా రాసుకోవాలి. విషయం తెలిసినవారికి చూపి అనవసరమైనవి కొట్టేయాలి. తర్వాత పదిపదిహేను మందిని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, ప్రశ్న చదివాక ఏమర్థమైందో పైకి చెప్పించాలి. చాలా పొరపాట్లు ఇక్కడే బయటపడతాయి, అయినా తొందరలో వదిలేసేది ఈ మెట్టునే. ఆ తర్వాత రెండు మూడు వందల మంది చేత నింపించి, ఒక్కో ప్రశ్న మిగతా ప్రశ్నల మొత్తంతో ఎంత కలిసి నడుస్తోందో చూడాలి. ఆ సహసంబంధం 0.3 కూడా లేని ప్రశ్నను సాధారణంగా తీసేస్తారు. రెండు నుంచి నాలుగు వారాల తర్వాత అదే మనుషుల చేత మళ్లీ నింపించి, స్కోర్లు ఎంత నిలకడగా ఉన్నాయో చూడాలి. చివరికి, ఇప్పటికే నమ్మకమున్న మరో కొలతతోనో, ఆ మనిషి నిజ ప్రవర్తనతోనో పోల్చాలి. ఈ ఆఖరిది లేకపోతే ప్రశ్నావళి దేన్నో నిలకడగా కొలుస్తోందని తెలుస్తుంది, దేన్నో తెలియదు.

వేరే భాష నుంచి తెచ్చుకున్న ప్రశ్నావళి అయితే పని ఇంకా పెరుగుతుంది. ఇద్దరు విడివిడిగా తెలుగులోకి తెస్తారు, రెండిటినీ కలిపి ఒకటి చేస్తారు. మూలం చూడని మూడో మనిషి దాన్ని మళ్లీ మూలభాషలోకి తిప్పుతారు. అసలు మూలాన్నీ, ఇలా తిప్పగా వచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి తేడా వచ్చిన ప్రశ్నల్ని మళ్లీ రాస్తారు. 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ వివరంగా రాసినప్పటి నుంచి ఇది మామూలు పద్ధతి అయింది. దీన్ని దాటేస్తే తెలుగులో వచ్చే చిక్కులు చిన్నవి కావు. ‘నాకు రాత్రిపూట నిద్ర సరిగా పట్టడం లేదు’ అన్న వాక్యానికి అవును, కాదు అని రెండే గడులు పెట్టి చూడండి. నిద్రపట్టని మనిషి ‘అవును, పట్టడం లేదు’ అనుకుని మొదటి గడి నింపవచ్చు, ‘లేదు, పట్టడం లేదు’ అనుకుని రెండోదీ నింపవచ్చు. ఒకే బాధ ఉన్న ఇద్దరు ఎదురెదురు స్కోర్లలో పడతారు. ‘ఎప్పుడూ’ అన్న మాట మరో గొయ్యి. అనుకూల వాక్యంలో అది నిరంతరం అని, వ్యతిరేక వాక్యంలో ఒక్కసారి కూడా అని అర్థమిస్తుంది. జవాబు గడిలో ఒంటరిగా ‘ఎప్పుడూ’ అని పెడితే ఎవరు ఎలా చదివారో చెప్పలేం. ‘నిద్ర, ఆకలి తగ్గాయి’ అని ఒకే ప్రశ్నలో రెండు అడిగితే, నిద్ర తగ్గి ఆకలి మామూలుగా ఉన్నవారు ఎక్కడ టిక్కు పెట్టాలి? దిగులు, బెంగ, కుంగుబాటు - ఈ మూడూ మన చెవికి మూడు వేర్వేరు స్థితులు. ఒకదాని స్థానంలో ఇంకొకటి పడితే కొలిచేదే మారిపోతుంది.

ప్రశ్నావళి నాణ్యతకు చూపే అంకెల్లో ఎక్కువగా వినిపించేది క్రాన్‌బాక్ ఆల్ఫా, అంటే ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయో చెప్పే అంకె. 0.70 దాటితే ఫర్వాలేదంటారు. కానీ ప్రశ్నల సంఖ్య పెంచితే ఆల్ఫా దానంతటదే పెరుగుతుంది. ఒకే ప్రశ్నను మాటలు మార్చి నాలుగుసార్లు అడిగినా పెరుగుతుంది. అందుకే 0.95 అని గొప్పగా చెప్పినప్పుడు, అవన్నీ ఒకే ప్రశ్నకు నకళ్లా అని అడగడం విలేకరి బాధ్యత.

కొలత విషయంలో ఇంకొక పొరపాటు నిపుణులూ చాలాకాలం చేశారు. 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ ప్రచురించిన ప్రయోగాన్ని ఎవరైనా కాగితం మీద చేసి చూసుకోవచ్చు. ‘ఎరుపు’ అన్న మాటను ఆకుపచ్చ సిరాతో, ‘నీలం’ అన్న మాటను ఎర్ర సిరాతో రాయండి. మాట చదవకుండా సిరా రంగు మాత్రమే పైకి చెప్పండి. నాలుక తడబడుతుంది. చదవడం మనకు ఎంత అలవాటైపోయిందంటే, వద్దనుకున్నా ముందు మాటే నోటికొస్తుంది. స్ట్రూప్ ప్రయోగంలో 100 రంగు గడుల రంగులు చెప్పడానికి సగటున 63 సెకన్లు పట్టింది. ఇలా రంగు, మాట పొసగని 100 పదాలకు 110 సెకన్లు పట్టింది. ఎన్నిసార్లు చేసినా వచ్చే ఫలితం ఇది. ఇంత గట్టి ఫలితం కాబట్టి, ఒక్కో మనిషి నిగ్రహాన్ని కొలవడానికి ఇదే మంచి పరీక్ష అనుకున్నారు. అక్కడ బెడిసికొట్టింది. అందరికీ దాదాపు ఒకే పాటి ఆలస్యం వస్తుంది కనుకనే ఫలితం అంత గట్టిగా ఉంది. మనిషికీ మనిషికీ తేడా తక్కువైతే వాళ్లను వరుసలో నిలబెట్టడం కష్టం. పైగా ఒక సమయం నుంచి మరో సమయాన్ని తీసివేస్తే, రెండిటిలోనూ ఉమ్మడిగా ఉన్న నిలకడ పోయి, కొలతలోని పొరపాట్లు మిగులుతాయి. 2018లో క్రెయిగ్ హెడ్జ్, ఆయన సహచరులు దీన్ని అంకెలతో చూపారు. ‘మా ల్యాబ్ పరీక్షతో మీ పిల్లవాడి ఏకాగ్రత చెప్పేస్తాం’ అన్న మాట ఎక్కడైనా కనిపిస్తే, మళ్లీ పరీక్షిస్తే అదే స్కోరు వస్తుందా అని మొదట అడగాలి.

ఎంతమంది మీద చేశారన్నది మూడో సంగతి. రెండు గుంపుల సగటుల మధ్య తేడా, ప్రామాణిక విచలనంలో (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకెలో) సగం ఉందనుకోండి. మనస్తత్వ శాస్త్రంలో అది చెప్పుకోదగ్గ తేడా. దాన్ని నూటికి 80 సార్లు పట్టుకోవాలంటే గుంపుకు 64 మంది కావాలి. తేడా ఐదో వంతే అయితే గుంపుకు దాదాపు 394 మంది. గుంపుకు 20 మందితో చేస్తే, ఆ సగం తేడాను మూడింట ఒక్కసారే పట్టుకోగలం. దొరికిన ఆ ఒక్కసారి కూడా సరైన అంకె రాదు. గుంపుకు 20 మంది ఉన్నప్పుడు తేడా ప్రామాణిక విచలనంలో కనీసం 0.64 వంతు కనిపిస్తే తప్ప అది లెక్కలో ‘గణనీయం’ (ఉత్త యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం తక్కువ) అనిపించుకోదు. కాబట్టి అసలు తేడా 0.5 అయినా పేపరుకెక్కేది 0.64 గానో అంతకుమించో ఎక్కుతుంది. చిన్న అధ్యయనాల్లో పెద్ద ఫలితాలు రావడానికి, తర్వాత పెద్ద అధ్యయనంలో అవి కుంచించుకుపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఇందులో మోసం అక్కర్లేదు, లెక్క చాలు.

మనుషుల సంఖ్య తక్కువైతే ప్రతిసారీ తప్పనీ అనుకోకూడదు. హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లో ప్రచురించిన మతిమరుపు అధ్యయనంలో పాల్గొన్నది ఒక్కరే, ఆయనే. అర్థం లేని అక్షరాల వరుసల్ని తప్పులేకుండా అప్పజెప్పేదాకా వల్లించి, కొంత విరామం తర్వాత మళ్లీ నేర్చుకునేటప్పుడు ఎంత సమయం ఆదా అయిందో చూశారు. మొదట 1,000 సెకన్లు పట్టి మర్నాడు 660 పడితే, 34 శాతం ఆదా. ఆయనకు 20 నిమిషాల తర్వాత 58 శాతం, గంటకు 44, ఒక రోజుకు 34, 31 రోజులకు 21 శాతం ఆదా అయింది. మొదటి గంటలో జారిపోయినంత తర్వాతి నెలంతా కలిపినా జారలేదు. మనిషి ఒక్కరే అయినా వల్లించిన వరుసలు కోకొల్లలు. 2015లో మరే, డ్రోస్ అనే పరిశోధకులు మళ్లీ ఒకే మనిషితో చేస్తే ఆ వంపు దాదాపు అలాగే వచ్చింది. 130 ఏళ్ల తర్వాత!

మరొకరు చేసినా వచ్చిందా అన్న నాలుగో ప్రశ్న ఈ శాస్త్రానికి బాధాకరమైనది. అయినా ఎక్కువ చెప్పాల్సింది దీని గురించే. 2008లో మూడు ప్రముఖ జర్నళ్లలో వచ్చిన అధ్యయనాల నుంచి 100 తీసుకుని, 270 మంది పరిశోధకులు మళ్లీ చేసి 2015లో ఫలితాలు వెల్లడించారు. మొదటిసారి 97 శాతం ‘గణనీయం’. రెండోసారి 36 శాతం. తేడాల పరిమాణం సగటున సగానికి పడిపోయింది. ఇలా ఎందుకైందో 2011లోనే సిమన్స్, నెల్సన్, సిమన్‌సన్ చూపించి ఉన్నారు. రెండు కొలతలు తీసుకుని బాగా వచ్చినదాన్ని రాయడం, ఫలితం రాకపోతే మరో పదిమందిని చేర్చి మళ్లీ లెక్క చూడడం, ఆడా మగా తేడాను లెక్కలో కలిపి చూడడం, మూడు గుంపుల్లో నచ్చని ఒకదాన్ని వదిలేయడం. విడివిడిగా ఇవి తప్పుల్లా కనిపించవు. నాలుగూ కలిస్తే, లేని తేడా ఉన్నట్టు తేలే అవకాశం 5 శాతం నుంచి సుమారు 61 శాతానికి చేరుతుంది. దీన్ని నిరూపించడానికి వాళ్లు 20 మంది విద్యార్థులతో, ఒక పాట వింటే మనిషి వయసు ఏడాదిన్నర దాకా తగ్గుతుందని ‘గణనీయంగా’ తేల్చి చూపారు.

ఇక్కడ మార్టిన్ హాగర్ అనే పరిశోధకుడి ఉదాహరణ నాకు ఎంతో గౌరవం కలిగించేది. నిగ్రహశక్తి వాడేకొద్దీ తరిగిపోతుందన్న సిద్ధాంతం 1998లో రాయ్ బామైస్టర్ బృందం చేసిన, 67 మంది పాల్గొన్న ప్రయోగంతో ప్రచారంలోకి వచ్చింది. 2010లో హాగర్, ఆయన సహచరులు అప్పటిదాకా వచ్చిన 198 పరీక్షల్ని కలిపి లెక్కగట్టి, ప్రభావం ప్రామాణిక విచలనంలో 0.62 వంతు అని తేల్చారు. సిద్ధాంతానికి అది పెద్ద అండ. తర్వాత అదే హాగర్ 23 ల్యాబుల్లో 2,141 మందితో జరిగిన పునఃపరీక్షకు నాయకత్వం వహించారు. 2016లో వచ్చిన అంకె 0.04. తాను బలపరిచిన ఫలితం తన చేతుల మీదే నీరుగారడాన్ని ఆయన ప్రచురించారు. నిటారుగా, చేతులు చాపి నిలబడితే హార్మోన్లు మారతాయన్న 2010 నాటి అధ్యయనానికి మొదటి రచయిత డేనా కార్నీ. అందులో పాల్గొన్నది 42 మంది. 2015లో మరో బృందం 200 మందితో చేస్తే హార్మోన్లలో మార్పు కనిపించలేదు. 2016లో కార్నీ ఆ ప్రభావం నిజమని ఇక నమ్మడం లేదని బహిరంగంగా రాశారు. ఇలాంటి నిర్ణయాలు పురస్కారాల జాబితాలో కనిపించవు. ఒక ఆచార్యుల జీవితంలో వీటిని మించిన సాహసం అరుదు.

ఫలితాలు నిలవకపోవడమనే ఈ జబ్బుకు మందు కూడా కనిపెట్టారు. పరీక్ష మొదలుపెట్టకముందే పద్ధతిని జర్నల్‌కు పంపి, అక్కడి సమీక్షకులు ఒప్పుకున్నాక చేయడం, ఫలితం ఎటు వచ్చినా జర్నల్ వేయడం. కార్టెక్స్ అనే జర్నల్ 2013లో ఈ పద్ధతి మొదలుపెట్టింది. మామూలు పేపర్లలో మొదటి ఊహ నిజమైనట్టు 96 శాతం చెబితే, ముందే ఒప్పుకున్న పద్ధతితో వచ్చిన పేపర్లలో 44 శాతమే చెప్పాయని 2021లో వచ్చిన పోలిక చూపింది.

ఇంత తెలిశాక, పేపర్ల సంఖ్యకు పెద్దపీట వేయడం ఎందుకు ప్రమాదమో వేరుగా చెప్పనక్కర్లేదు. అయినా, పేపర్లను ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారన్నదాన్నిబట్టి కట్టే హెచ్-ఇండెక్స్ గురించి ఒక మాట, ఎందుకంటే ఆ అంకె ఇప్పుడు పరిచయాల్లోకీ వచ్చేసింది. 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ దీన్ని ప్రతిపాదించారు. ఒకరి ఆరు పేపర్లను ఇతరులు వరుసగా 50, 20, 9, 5, 4, 1 సార్లు ఉదహరించారనుకుందాం. నాలుగు పేపర్లకు నాలుగేసి అయినా ఉన్నాయి, ఐదింటికి ఐదేసి లేవు. కాబట్టి ఇండెక్స్ 4. ‘ఈ పేపరు తప్పు’ అని ఉదహరించినా అది లెక్కలోకి వస్తుంది. ఇరవై మంది రచయితల్లో పదిహేనోవారైనా అంతే వస్తుంది. వయసుతో పెరుగుతుందే తప్ప తగ్గదు. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను, పదవీ విరమణకు దగ్గరైనవారిని ఈ అంకెతో పోల్చడం అర్థం లేని పని. ఒకే డేటాను నాలుగు ముక్కలు చేసి నాలుగు పేపర్లు వేసేవారు, ఒకే పేపరుకు మూడేళ్లు పెట్టేవారు సంఖ్యల్లో తలకిందులుగా కనిపిస్తారు. డచ్ సామాజిక మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడు డీడెరిక్ స్టాపెల్ పేపర్ల జాబితా చాలా పొడుగైనది. డేటా కల్పించారని 2011లో బయటపడ్డాక వాటిలో 58 వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఎవరి మీద చేశారన్నదీ మరవకూడదు. ప్రధానమైన ఆరు మనస్తత్వ శాస్త్ర జర్నళ్లను పరిశీలించి 2008లో జెఫ్రీ ఆర్నెట్ తేల్చినదాని ప్రకారం, పాల్గొన్నవారిలో 96 శాతం ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవారు. ‘మనుషులు ఇలా ఆలోచిస్తారు’ అనే బదులు, ‘ఫలానా దేశంలోని కాలేజీ విద్యార్థులు ఇలా చేశారు’ అని రాస్తే తప్పు పోతుంది.

మరొక సవరణ. మనస్తత్వ శాస్త్ర ఆచార్యులందరూ చికిత్స చేసేవారు కారు. దృష్టి, భాష, నిర్ణయాలు, ఉద్యోగ స్థలాల మీద పరిశోధన చేసేవారిని పట్టుకుని కుంగుబాటుకు సలహాలు అడగడం, వార్తల్లోని వ్యక్తికి ఏ జబ్బుందో చెప్పమనడం ఆపండి. చూడని మనిషికి జబ్బు పేరు పెట్టడం చికిత్స తెలిసినవారికీ తగదు.

తదుపరి పరిచయం రాయబోయే విలేకరికి ఒక విన్నపం. ఆచార్యుల దగ్గర కూర్చున్నప్పుడు బయోడేటా పక్కన పెట్టి, వారి పేపర్లలో వారికి అన్నిటికన్నా ఇష్టమైన ఒక్కదాన్ని తీయించండి. అందులో ప్రశ్న ఒక్క వాక్యంలో చెప్పమనండి. పాల్గొన్నవారి చేతికి ఏమిచ్చారు, ఏం చేయమన్నారు, దేన్ని లెక్కపెట్టారు, అవన్నీ అడిగి ఆ వస్తువునో ఆ ప్రశ్నల కాగితాన్నో ఫొటో తీయండి. ఎంతమంది, ఎక్కడివారు, మధ్యలో ఎంతమందిని లెక్కలోంచి తీసేశారు, ఎందుకు తీశారో రాసుకోండి. ఇంకెవరైనా మళ్లీ చేశారా, ఏమొచ్చిందో అడగండి. డేటా సేకరించింది స్కాలర్లయితే వాళ్ల పేర్లూ వేయండి. చివరగా, ఒకప్పుడు నమ్మి ఇప్పుడు నమ్మనిది ఏమిటో అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. ఆ పరిచయం అచ్చయిన తర్వాత ఎప్పుడైనా ఆ ఫలితం నిలవలేదని తెలిస్తే, అదే పేజీలో అంతే చోటిచ్చి ఆ సంగతీ వేయండి.

ఇట్లు,
ఒక మనస్తత్వ శాస్త్ర అధ్యాపకుడు